డిశ్చార్జి రాసేముందు ఆ ఇంటి బాత్రూమ్ చూడాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

డెబ్బై అయిదేళ్ల పెద్దావిడ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ జరుగుతుంది. 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచాక చాలా కుటుంబాలకు ఖర్చు భయం తగ్గింది. ఆపరేషన్ అయ్యాక వార్డులో వాకర్‌తో నాలుగడుగులు వేయించి, డిశ్చార్జి కాగితం చేతికిస్తారు. అందులో మందులు ఉంటాయి, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటుంది. ఆవిడ వెళ్లబోయే ఇంట్లో మరుగుదొడ్డి లోపల ఉందా పెరట్లో ఉందా, దారిలో మెట్లెన్ని, తలుపు వెడల్పెంత అన్నది మాత్రం ఉండదు. ఏ బాత్రూములో పడ్డారో అదే బాత్రూముకు, ముందుకన్నా బలహీనమైన కాళ్లతో తిరిగి పంపుతున్నాం.

మేము పునరావాస చికిత్సలో పనిచేసే ఆక్యుపేషనల్ థెరపిస్టులం (జబ్బు తర్వాత రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడేవాళ్లం), ఫిజియోథెరపిస్టులం. మీకు మా విన్నపం ఇది: తుంటి విరిగినవారు, పక్షవాతం వచ్చినవారు, ఏడాదిలో ఒకటికి రెండుసార్లు పడినవారు ఇంటికి వెళ్లేలోపు ఒక థెరపిస్టు ఆ ఇల్లు చూడాలి. ఆయన చెప్పిన మరమ్మతు చేయడానికి మేస్త్రీ ఉండాలి. ఆ ఖర్చు చికిత్స ప్యాకేజీలోనే ఉండాలి.

ఇల్లు చూడటమంటే ఒక జాబితా పట్టుకుని గదులు తిరిగి రావడం కాదు. "ఏమైనా ఇబ్బందిగా ఉందా అమ్మా?" అని అడిగితే "ఏం లేదు బాబూ, బాగానే ఉన్నా" అనే జవాబొస్తుంది. అందుకే చేయించి చూస్తాం. మంచం మీంచి లేవమంటాం, బాత్రూముకు నడవమంటాం, కూర్చుని లేవమంటాం, పొయ్యి దగ్గర గిన్నె దించమంటాం. ఎక్కడ చెయ్యి గోడ కోసం వెతుకుతుందో, ఎక్కడ తలుపు రెక్కను పట్టుకుంటుందో అక్కడ ఆధారం కావాలని అర్థం. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి వెనక్కి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకుమించి పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టే. పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా బీపీ చూస్తాం, మందుల చీటీ చూస్తాం. నిద్రమాత్ర వేసుకుని రాత్రి రెండు గంటలకు లేచే మనిషికి గోడకు ఎన్ని కడ్డీలు బిగించినా సరిపోవు, డాక్టరుతో మాట్లాడి ఆ మాత్ర సంగతి తేల్చాలి.

మన ఇళ్లలో ఎక్కువ పని బాత్రూములోనే ఉంటుంది. చాలామంది తువ్వాలు ఆరేసుకునే రాడ్డును ఆసరాగా వాడుతుంటారు. అది రెండు చిన్న స్క్రూల మీద నిలబడింది, మనిషి బరువు పడగానే ఊడి వస్తుంది. రబ్బరు కప్పుతో టైలుకు అతుక్కునే హ్యాండిళ్లు ఇంకా ప్రమాదం: గట్టిగా ఉన్నట్టే ఉండి, లోపలికి గాలి చేరగానే వదిలేస్తాయి. కావాల్సింది ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న స్టీలు కడ్డీ, 110 కిలోలకు పైగా బరువు ఆపేది. గోడకు, కడ్డీకి మధ్య ఒకటిన్నర అంగుళం సందు చాలు. అంతకన్నా ఎక్కువైతే చెయ్యి జారినప్పుడు మోచేతిదాకా లోపలికి దూరి ఎముక విరగొచ్చు.

బిగించడంలోనే సగం పని చెడుతుంది. టైలును ముందు వేలితో కొట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే వెనక సిమెంటు లేనట్టు, అక్కడ బిగిస్తే టైలుతో సహా ఊడుతుంది. టైలు దాటేవరకు డ్రిల్లింగ్ మిషన్‌ను హ్యామర్‌లో, అంటే సుత్తిలా కొడుతూ తొలిచే అమరికలో, పెట్టకూడదు, పగులుతుంది. తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడయితే పొడవైన యాంకర్ బోల్టులు పట్టుకుంటాయి. నాలుగున్నర అంగుళాల గోడకూ, కొత్త అపార్టుమెంట్లలో వాడే తేలిక బ్లాకులకూ ఆ పద్ధతి పనికిరాదు. బోల్టును గోడ అవతలికి తీసి, వెనక ఇనుప పలక వేసి బిగించాలి, లేదా కెమికల్ యాంకర్ (రంధ్రంలో గట్టిపడి బోల్టును పట్టుకునే జిగురు) వాడాలి. కడ్డీ ఏ వైపు అన్నది జబ్బును బట్టి ఉంటుంది. కుడివైపు పక్షవాతం వచ్చినవారు కమోడ్ మీద కూర్చున్నాక గోడ ఎడమచేతి వైపు ఉండాలి. లేకపోతే నేలకు బిగించే కడ్డీ తప్పదు. ఎత్తు మామూలుగా నేల నుంచి 28 నుంచి 33 అంగుళాలు, అయినా ఆ మనిషిని కూర్చోబెట్టి పెన్సిలుతో గుర్తు పెట్టాకే రంధ్రం వేయాలి.

కూర్చునే ఎత్తు మోకాలి వెనక మడత నుంచి నేలకు కొలిచి, దానికి ఒకటి రెండు అంగుళాలు కలపాలి. మామూలు కమోడ్ చాలామందికి తక్కువ ఎత్తవుతుంది, దానిపైన నాలుగంగుళాల అదనపు సీటు పెట్టాలి. తుంటి బంతి మార్చినవారిలో కొన్ని రకాల ఆపరేషన్ల తర్వాత తొంభై డిగ్రీలు మించి వంగితే కీలు తప్పే ముప్పుంది. వారిని నేల దొడ్డిమీద గొంతుక్కూర్చోమనడం చాలా పెద్ద తప్పు. నేల దొడ్డి ఉన్న ఇంట్లో పైన కమోడ్ కుర్చీ వేస్తాం. దాని కాళ్లు పాదాలు పెట్టే దిమ్మలకు అటూ ఇటూ రావాలి. నేల వాలుగా ఉంటుంది గనక ఒక కాలు గాల్లో ఊగుతుంది. కాళ్ల ఎత్తు విడివిడిగా సర్దుకునే కుర్చీ తీసుకోవాలి, అడుగున రబ్బరు బుష్షులు అరిగితే వెంటనే మార్చాలి. ఇనుప కాళ్లు ఆ తడికి తుప్పు పడతాయి. అల్యూమినియమో, స్టీలో మేలు.

కేంద్రం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇస్తున్నారు. మంచి పథకం. కానీ శిబిరంలో అందుకున్న వాకర్ అడుగున 22 నుంచి 24 అంగుళాలుంటుంది. రెండున్నర అడుగుల బాత్రూమ్ ద్వారానికి దార్వంద మందం, తలుపు రెక్క మందం పోను మిగిలే సందు కూడా దాదాపు అంతే. వాకర్ ఇరుక్కుంటే దాన్ని బయటే వదిలి, తడి నేలమీద ఖాళీ చేతులతో లోపలికి వెళతారు. సరిగ్గా సాయం కావాల్సిన చోట అది గుమ్మం బయట ఉండిపోతుంది. వస్తువు పనికిరానిది కాదు, ఆ ఇల్లు చూసి ఇచ్చినవారు లేరు. ఇంకోమాట: బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటే, పడిన మనిషే దానికి అడ్డంగా ఉండి బయటివారు తెరవలేరు. రెక్కను బయటికి తెరుచుకునేలా తిప్పించి, బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాలి.

గడప విషయంలో మన ఇంటి మర్యాద తెలియని సలహా పనికిరాదు. పసుపు రాసి బొట్లు పెట్టే గడపను తీసేయమంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. ఆ పసుపు రంగు నిజానికి మేలే చేస్తుంది, చూపు మందగించినవారికి ఎత్తు తేడా స్పష్టంగా కనిపిస్తుంది. దార్వందానికి రెండువైపులా ఒకటిన్నర అడుగుల నిలువు కడ్డీలు బిగించి, ముందు ఏ కాలు దాటించాలో నేర్పితే చాలు. గడప మీద తడి పసుపు ఆరేదాకా ఆగమని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. చక్రాల కుర్చీ వాడే ఇంట్లో మాత్రం వాలు దారి కట్టక తప్పదు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్క. ఆరంగుళాల ఎత్తుకు ఆరడుగులు కావాలి, స్థలం లేదని మూడడుగుల్లో కడితే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది.

స్నానానికి నిండు బకెట్ వంగి ఎత్తడం, నిలబడి ఒంటికాలి మీద లంగా కట్టుకోవడం, ఈ రెండూ పడేస్తాయి. బకెట్‌ను కొళాయి కిందే పొట్టి పీట మీద ఉంచాలి. తేలికైన ప్లాస్టిక్ స్టూలు కాక రబ్బరు కాళ్లున్న బరువైన కుర్చీ వేయాలి. చెయ్యి అందేంత దూరంలో హ్యాండ్ షవర్ ఉండాలి, బట్టలు కూర్చునే కట్టుకోవాలి. మంచం నుంచి బాత్రూముదాకా మనిషి కదలగానే వెలిగే చిన్న బల్బులు, కరెంటు పోయినా పనిచేసేవి, ఉంటే మంచిది. మెట్లకు రెండువైపులా రైలింగు, చివరి మెట్టు దాటి ఇంకో అడుగు ముందుకు ఉండాలి.

ఇవన్నీ పెట్టి వదిలేస్తే ఫలితం సగమే. రెండు మూడు వారాల తర్వాత థెరపిస్టు మళ్లీ వెళ్లి ఏది వాడుతున్నారో, దేని మీద బట్టలు ఆరేశారో చూడాలి. కొడుకులు, కోడళ్లు ప్రేమ కొద్దీ ప్రతిదీ చేతికి అందిస్తుంటే పెద్దవారి కాళ్లలో ఉన్న కాస్త బలమూ పోతుందని వారికీ వివరించాలి.

ఇది పనిచేస్తుందనడానికి ఆధారం ఉంది. ఇంట్లో జారిపడే ప్రమాదాలను తగ్గించే పనులపై 2023లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ నివేదిక), పడటాలు మొత్తం మీద 26 శాతం, ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో 38 శాతం తగ్గాయని తేల్చింది. ముప్పు లేనివారిలో ప్రయోజనం కనబడలేదు. అందుకే అరవై దాటిన అందరికీ కాక, పైన చెప్పిన మూడు రకాలవారికే అడుగుతున్నాం. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం రూపొందించిన కేపబుల్ అనే కార్యక్రమంలో ఆక్యుపేషనల్ థెరపిస్టు, నర్సు, చిన్న మరమ్మతుల పనివాడు ముగ్గురూ ఒకే జట్టుగా నెలల తరబడి ఇంటికి వస్తారు. ఆ మూడో మనిషి లేకపోతే మిగతా ఇద్దరి సలహా కాగితం మీదే ఉండిపోతుంది.

మన దగ్గర కొత్తగా కట్టాల్సిన వ్యవస్థ కూడా పెద్దగా లేదు. వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం మార్గదర్శకాల్లోనే సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) స్థాయి పునరావాస కార్యకర్త మంచాన పడినవారి ఇళ్లకు వెళ్లాలని ఉంది. ఆక్యుపేషనల్ థెరపీని 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం గుర్తించింది. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు పోస్టు మంజూరు చేయండి. తుంటి, పక్షవాతం ప్యాకేజీలకు ఒక ఇంటి సందర్శన, ఒక పునఃసందర్శన, మరమ్మతుకు నిర్ణీత మొత్తం చేర్చండి. మండలానికి ఇద్దరు మేస్త్రీలకు కడ్డీలు బిగించడంలో శిక్షణ ఇప్పించండి.

గృహనిర్మాణ శాఖతో మీరు మాట్లాడవలసిన సంగతి మరొకటి ఉంది. ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షల రూపాయలు దశలవారీగా ఇస్తున్నారు. ఆ ఇళ్ల బాత్రూమ్ తలుపు మూడడుగులు ఉండాలని, బయటికి తెరుచుకోవాలని, నేలకు గరుకు టైల్స్ వేయాలని, కమోడ్ పక్క గోడ తొమ్మిదంగుళాలు ఉండాలని నమూనాలోనే రాయిస్తే అదనపు ఖర్చు కొద్దిపాటిదే. కట్టేశాక పగలగొట్టి మార్చాలంటే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. ఇప్పుడు గోడలు లేస్తున్న ఇళ్లకైనా ఈ మార్పు అందేలా త్వరగా నిర్ణయం తీసుకోండి.

ఇంటి కొలతల పత్రం, మేస్త్రీలకు బొమ్మలతో పాఠం తెలుగులో తయారుచేసి ఇవ్వడానికి మేము సిద్ధం. మీరు ఒక జిల్లా పేరు చెబితే అక్కడి నుంచే మొదలుపెడతాం.

ఇట్లు,
పునరావాస చికిత్సలో పనిచేస్తున్న ఆక్యుపేషనల్ థెరపిస్టులు, ఫిజియోథెరపిస్టులు