ఆ 57 లెక్క తేలిపోయింది

ఒరేయ్,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు కాస్త నయం. మిగతావి ఫోన్లో చెప్తా. ముందు ఇది విను, రెండ్రోజులుగా కడుపులో ఆగట్లేదు.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పీట్ మారవిచ్ కాలంలో త్రీ పాయింట్ గీత (దాని బయటినుంచి వేస్తే రెండుకి బదులు మూడు) ఉండుంటే ఆటకి 57 పాయింట్లు కొట్టేవాడని ఊదరగొడతావు చూడు, అది నిలవదు రా. కాగితం తీసుకో. ఎల్‌ఎస్‌యూలో, అదే లూసియానా స్టేట్ యూనివర్సిటీలో, 1967 నుంచి 70 దాకా మూడు సీజన్లు, 83 ఆటలు, 3667 పాయింట్లు, సగటు 44.2. రెండేసి పాయింట్ల బాస్కెట్లు 1387, ఫౌల్‌కి ఇచ్చే ఒక్కో పాయింటు ఫ్రీ త్రోలు 893. (1387ని రెట్టింపు చేసి 893 కలుపు, 3667 వస్తుంది. ఇలా కూడి చూడందే ఏ పట్టికనీ నమ్మకు.) అంటే ఆటకి 16.7 బాస్కెట్లు. 57 కావాలంటే ఇంకో 12.8 పాయింట్లు రావాలి. గీత బయటి బాస్కెట్‌కి అదనంగా వచ్చేది ఒక్క పాయింటే కదా! అంటే పడిన ప్రతి నాలుగింట్లో మూడు బయటినుంచే పడుండాలి. మరి రింగు దగ్గరికెళ్లి వేసే లేఅప్‌లు ఎవరు వేశారు, మీ మేనమామా?

అలాగని ఆయన్ని తీసిపారేయట్లేదు, ఆగు. 1969-70లో 31 ఆటల్లో 1381 పాయింట్లు. దానికి పడినవీ పడనివీ కలిపి 1168 షాట్లు, 436 ఫ్రీ త్రో ప్రయత్నాలు. కాలేజీ ఆటకి ట్రూ షూటింగ్ (వేసిన షాట్లకీ త్రోలకీ పాయింట్లు ఎంత బాగా రాబట్టాడో చెప్పే శాతం) ఇలా కట్టాలి: ఫ్రీ త్రో ప్రయత్నాల్ని 0.475తో గుణించి షాట్లకి కలుపు, దాన్ని రెట్టింపు చెయ్యి, దాంతో పాయింట్లని భాగించు. 50.2 శాతం వస్తుంది. 0.475 ఎందుకంటే ఫౌల్‌కి ఒక్కోసారి రెండు త్రోలు, ఒక్కోసారి బాస్కెట్ పడ్డాక ఒకటే, కాబట్టి త్రోకో అవకాశం ఖర్చయిందనుకోలేం. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ వాళ్ల 0.44 ఇక్కడ పెట్టకు.

ఇప్పుడు డేవిడ్‌సన్ కాలేజీలో స్టెఫెన్ కర్రీ, 2007-08: 36 ఆటలు, 931 పాయింట్లు, 656 షాట్లు, 151 ఫ్రీ త్రో ప్రయత్నాలు. 64 శాతం! ఎక్కడి 50, ఎక్కడి 64. నేనూ ఇక్కడే గంతులేశా. తర్వాత గుర్తొచ్చింది, అందులో 162 త్రీలున్నాయి. వాటిని రెండేసి చేస్తే 769 పాయింట్లు, 52.8 శాతం. తేడా రెండున్నరకి దిగిపోయింది. అయితే ఇదీ పూర్తి న్యాయం కాదు, మూడు రాకపోతే కర్రీ అంత దూరం నుంచి వేసేవాడే కాదు. పైగా కర్రీ వేసింది ఆటకి 18 షాట్లు, మారవిచ్ 37.7. కోచ్ కన్నతండ్రే అయితే ఆపేదెవరులే!

ఒక్కో జట్టు ఆడే వేగం సర్దాలంటే షాట్లలోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు (తప్పిన తమ షాట్‌నే మళ్లీ అందుకున్నవి) తీసి, టర్నోవర్లు (షాట్ వెయ్యకుండానే బంతి పోగొట్టుకున్నవి), 0.475 రెట్ల ఫ్రీ త్రో ప్రయత్నాలు కలిపి పొసెషన్లు, అంటే బంతి చేతికొచ్చిన సార్లు, లెక్కేస్తాం. పాత సీజన్లకి ఇక్కడే చిక్కు, పట్టికల్లో అన్ని కాలమ్‌లూ ఉండవు. అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు) ఏటా అధికారికంగా ఎక్కుతున్నది 1983-84 నుంచి, స్టీల్స్ (బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్ అడ్డుకోవడం) 1985-86 నుంచి. 45 సెకన్లలో షాట్ వేసెయ్యాలనే షాట్ క్లాక్ కూడా 1985-86లోనే, త్రీ గీత మరుసటి ఏడు. లేని కాలమ్‌లో సున్నా పెట్టేసి పోలిస్తే పాతవాళ్లంతా చచ్చుగా కనిపిస్తారు. అందుకే ఎవర్నైనా ముందు వాళ్ల సీజన్‌లోనే కొలవాలి: ఆటకి కనీసం పది షాట్లు వేసినవాళ్ల సగటుని అతని అంకెలోంచి తీసెయ్యి, మిగిలినదాన్ని ప్రామాణిక విచలనంతో (అందరూ సగటు చుట్టూ ఎంత చెదిరారో చెప్పే అంకెతో) భాగించు. మన బ్రాడ్‌మన్ గొడవే అనుకో.

కానీ ఆ సగటు ఎవరిది? అదీ అడగాలి. ఎల్‌ఎస్‌యూ ఆడిన ఎస్‌ఈసీ లీగ్‌లో వర్సిటీ, అంటే కాలేజీ ప్రధాన జట్టు, బాస్కెట్‌బాల్ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి చెందిన పెర్రీ వాలెస్, అదీ 1967-68లో. మారవిచ్ మొదలైన ఏడే. అప్పటిదాకా వాళ్లకి తలుపే తియ్యని లీగ్ సగటుతో... ఈ మాట రాస్తుంటేనే చిరాకేస్తోంది, వదిలెయ్.

మొత్తం పాయింట్ల పోలికైతే మరీ అన్యాయం. అప్పట్లో మొదటి ఏడు కుర్రాళ్లని వర్సిటీలో ఆడనిచ్చేవారు కాదు. డెట్రాయిట్ మెర్సీ యూనివర్సిటీ కుర్రాడు ఆంటోయిన్ డేవిస్ అయిదు సీజన్లు, 144 ఆటలు ఆడీ 3664 దగ్గర ఆగాడు, మూడంటే మూడు తక్కువ. 2024లో అమ్మాయిల ఆటలో కైట్లిన్ క్లార్క్ మారవిచ్‌ని దాటేసింది, 139 ఆటల్లో 3951. ఆమెకి నాలుగేళ్లూ ఉన్నాయి, గీతా ఉంది. అయినా ఆమె ఆటంటే నాకు... సరే, ఆ పోట్లాట విడిగా పెట్టుకుందాం.

ఇంకో కాలేజీ ఆటగాడు జియాన్ విలియమ్సన్ 2018-19 సంగతి కూడా రాద్దామనుకున్నా. షాట్లలో 68 శాతం పడ్డాయి కదా, దాన్నీ ఇలాగే ఆ ఏడాది సగటులోంచి... కింద ఆటోవాడు హారన్ కొట్టి చంపుతున్నాడు. ఉంటా.

నీ
సగటు సుబ్బారావు