తిరుపతికీ ఒక వాద్యబృందం కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. ఇంగ్లండులో నూలు మిల్లులకు పేరుపడ్డ మాంచెస్టర్‌లో 1858లో మొదలైన హాలే ఆర్కెస్ట్రా చవక టికెట్లతో సామాన్యులనూ కచేరీకి రప్పించింది. ఇప్పటికీ వాయిస్తోంది. పరాయి సంగీతం మనకెందుకని కొందరు అంటారు. కానీ ఆకాశవాణి 1952లోనే సితార్ విద్వాంసుడు రవిశంకర్ సారథ్యంలో మన వాద్యాలతో జాతీయ వాద్యబృందాన్ని ప్రారంభించింది. మన వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారూ దాన్ని నడిపించారు.

మా పిల్లలు విడివిడిగా చక్కగా వాయిస్తారు. మొన్న వీణ, మృదంగం నేర్చుకునేవారితో కలిసి మోహన రాగంలోని వర్ణం వాయించమంటే తాళం రెండో చుట్టుకే ఎవరి దారి వారిదైంది. అందరికన్నా ముందు పరుగెత్తిన అమ్మాయి కమాను పైకెత్తి, మృదంగం సమం మీదికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చేదాకా ఆగి, మళ్లీ అందుకుంది. పక్కవారిని వినడం ఇంట్లో ఒంటరి సాధనతో అలవడదు.

శ్రీ వేంకటేశ్వర సంగీత, నృత్య కళాశాల ఉన్న ఊరిది. నాదస్వరం, డోలు, వీణ నేర్చిన యువతకు కొదవ లేదు. వారితో స్థిరమైన బృందం ఏర్పాటు చేసి, గౌరవ వేతనమిచ్చి, అన్నమాచార్య కళామందిరంతో పాటు ప్రభుత్వ పాఠశాలల్లోనూ వాయింపజేయాలని అధికారులను, దాతలను కోరుతున్నాను. సాయంత్రం పూట సాధనకు ఒక పెద్ద గది ఇప్పిస్తే మొదలుపెట్టడానికి నేను సిద్ధం.

– ఒక వయొలిన్ ఉపాధ్యాయురాలు, తిరుపతి