భోగి మంటకు ముందు ట్రంకు పెట్టె తెరవండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

అర్ధ సంవత్సర పరీక్షల మార్కుల కార్డులు పిల్లల చేతికిచ్చి పంపాం. చూసి, సంతకం పెట్టి సోమవారం లోపు తిరిగి పంపండి. మార్కులు తగ్గాయని ఎవరూ టెన్షన్ పడొద్దు. మాట్లాడాలనుకుంటే శనివారం మధ్యాహ్నాలు నేను బడిలోనే ఉంటాను. ఈసారి ఉత్తరం మాత్రం బొమ్మల గురించి రాస్తున్నాను.

పోయిన ఏడాది భోగి తెల్లవారుజామున మా వీధి మలుపులో మంట దగ్గర నిలబడ్డాను. పిల్లలు పిడకల దండలు వేశారు. విరిగిన కుర్చీ కాళ్ళు, చెదపట్టిన తలుపు చెక్క పడ్డాయి. ఆ వెనకాలే ఒక పాప గోనెసంచి తెచ్చి మంటలో బోర్లించింది. అందులోంచి ఏదో దొర్లి అంచున ఆగితే కర్రతో ఇవతలికి లాగాను. అరచేతిలో పట్టే లక్క తిరగలి. "మా అత్తగారి చిన్నప్పటి లక్కపిడతలండీ. ఇప్పుడెవరూ ఆడట్లేదు కదా అని..." అంది వాళ్ళమ్మ. మిగతా పిడతలు అప్పటికే అంటుకున్నాయి.

ఆ తిరగలి ఇప్పుడు బడిలో నా బల్ల మీద ఉంది. ఒకవైపు ఎర్రలక్క బుడగలు లేచి నల్లబడింది, రెండోవైపు ఇంకా నిగనిగలాడుతోంది. పిడి అగ్గిపుల్లంత. దాని చుట్టూ రంగు పూర్తిగా అరిగి కర్ర బయటపడింది. ఎన్ని చిన్న వేళ్ళు తిప్పాయో! గింజలు పోసే కంతలో ఒక కందిబద్ద ఇరుక్కుని ఉంది. దాన్ని నేను తీయలేదు.

ఇలాంటి పిడతలకు పేరుపడ్డ ఊరు వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక. అక్కడ అంకుడు కర్రను గిర్రున తిప్పుతూ దానికి లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వేడితో పట్టిన లక్క గనకనే భోగి మంట వేడికి అంత తేలిగ్గా వదిలేసింది.

బొమ్మరిల్లు అనే మాట మనకు ఎప్పటినుంచో ఉంది. పోతన గారి రుక్మిణి చిన్నప్పుడు బొమ్మలకు పెళ్ళిళ్ళు చేసి, గుజ్జనగూళ్ళు వండి చెలికత్తెలకు పెట్టించింది. మన పిల్లలు ఇసకలో పాదం పెట్టి కట్టే పిచ్చుకగూడు కూడా బొమ్మరిల్లే. ఐరోపాలో మాత్రం బొమ్మరిల్లు మొదట్లో పిల్లలది కాదు, పెద్దవాళ్ళ ముచ్చట. బవేరియా పాలకుడు ఐదో ఆల్‌బ్రెక్ట్ 1557-58లో ఒకటి చేయించాడు. ఐరోపాలో మనకు తెలిసిన తొలి బొమ్మరిల్లు అదే. 1674లో మ్యూనిక్ రాజభవనం తగలబడినప్పుడు అది కూడా బూడిదైంది. అయినా అందులో ఏ గదిలో ఏముందో ఇవాళ్టికీ చెప్పగలుగుతున్నారు. కారణం, 1598లో ఎవరో ఓపిగ్గా కూర్చుని దాని జాబితా రాసిపెట్టారు. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రొనెల్లా ఓర్ట్‌మన్ అనే ఆవిడ 1686 నుంచి సుమారు ఇరవై ఏళ్ళపాటు ఒక పెద్ద బీరువాలో బొమ్మరిల్లు అమర్చుకుంది. వేలెడంత పింగాణీ గిన్నెలను చైనాలో చేయించి ఓడ మీద తెప్పించింది. దాని మీద పెట్టిన సొమ్ముతో ఆ ఊళ్ళో కాలువ గట్టున నిజం ఇల్లే కొనుక్కోవచ్చట. అది ఇప్పుడు అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. అదే కాలంలో ఆవిడ దేశం వర్తకులు, అంటే డచ్చివాళ్ళు, మన పాలకొల్లులో స్థావరం పెట్టుకుని బట్టలు కొనేవారు. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరు మీదనే ఒక మెత్తటి నూలు గుడ్డను ఇంగ్లీషువాళ్ళు 'మడపొల్లం' అన్నారు. పాఠంలో డచ్చివాళ్ళు, ఈస్టిండియా కంపెనీ అని చదివితే మన పిల్లలకు ఆ ఊళ్ళు ఎక్కడో ఉన్నట్టు ఉంటుంది. పదో తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు పాలకొల్లు నుంచి బస్సులో వచ్చే పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఢిల్లీలో రాష్ట్రపతి భవనానికి నమూనా గీసిన ఎడ్విన్ లట్యెన్సే ఇంగ్లండు రాణి మేరీ కోసం 1921-24 మధ్య ఒక బొమ్మరిల్లు కట్టించాడు. అడుగుకు అంగుళం కొలత. అంటే మన ఇంట్లో ఆరడుగుల తలుపు అందులో ఆరంగుళాలు. కుళాయిల్లో నీళ్ళొస్తాయి, దీపాలు వెలుగుతాయి, లిఫ్టు కదులుతుంది. బొమ్మరిళ్ళు సేకరించేవాళ్ళు ఎక్కువగా ఈ కొలతనే పాటిస్తారు. మన ఏడో తరగతి పిల్లలు నిష్పత్తి పాఠానికి బడి వంటగదిని ఇదే కొలతలో అట్టముక్కలతో కట్టారు. గ్యాస్ సిలిండరు దగ్గర లెక్క తప్పి రెండుసార్లు మళ్ళీ చేశారు!

ఇవన్నీ చూశాక కూడా నాకు మన సంక్రాంతి బొమ్మల కొలువే ఎక్కువ ఇష్టం. వాళ్ళ బొమ్మరిల్లు నాలుగు గోడల మధ్య ఒక్క ఇంటిని చూపిస్తుంది. మన కొలువుకు గోడల్లేవు. మెట్ల మీద దేవుళ్ళు, పెళ్ళివారు, శెట్టిగారి కొట్టు. కింద నేల మీద మెంతులు చల్లి మొలిపించిన వరిచేను, అద్దం ముక్క చెరువు, ఇసక గట్టు, తాటాకు గుడిసె. పేరంటానికి వచ్చిన ప్రతివాళ్ళూ "ఈ బొమ్మ ఎక్కడిది?" అని అడుగుతారు, ఇంటావిడ చెబుతుంది. ఏటా అడగడం, ఏటా చెప్పడం వల్లే ఆ కథలు నిలిచాయి. కొలువు మానేసిన ఇంట్లో బొమ్మలు ఉన్నా వాటి కథలు పోతున్నాయి. 1986 వరదలో, 1996 తుపానులో మన లంకల్లో, కోనసీమలో ఎన్ని ట్రంకు పెట్టెలు పోయాయో మీ ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. వాటిలో ఏమున్నాయో రాసిన కాగితం ఎవరి దగ్గరా ఉండదు.

మీ అటకల మీద ఉండే అవకాశమున్నవి చెబుతాను. కొండపల్లి బొమ్మ చేతికి తీసుకోగానే తేలిగ్గా ఉంటుంది, తెల్ల పొణికి కర్ర కాబట్టి. చేతులు, తలపాగా విడిగా చెక్కి, చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి అతికిస్తారు. అందుకే అతుకుల దగ్గర తడి తగలకూడదు. తీర్థాల్లో కొన్న రేకు పడవ ఉండొచ్చు. ఒత్తి వెలిగిస్తే లోపలి నీరు ఆవిరై వెనక గొట్టాల్లోంచి నీటిని నెట్టి, చల్లబడి మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. ఆ టకటకలతోనే పడవ నడుస్తుంది. ఇలాంటి పడవకు 1891లోనే ఇంగ్లండులో పేటెంటు ఉంది. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మా నాన్నగారు కొనిచ్చిన పడవ ఇత్తడి పళ్ళెంలో తిరగడం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. జపాను రేకు బొమ్మ దొరికితే అడుగున చూడండి. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952కు ముందు చేసింది.

దయచేసి పాత బొమ్మలకు కొత్త రంగు వేయకండి. మా అమ్మమ్మ కొలువులోని దశావతారాలకు పదిహేనేళ్ళ వయసులో నేనే డబ్బా రంగు పూశాను. అమ్మమ్మ ఏమీ అనలేదు. ఆ సంక్రాంతికి వాటిని చివరి మెట్టు మీద పెట్టింది. అరిగిన రంగు కింద ఆవిడ చిన్నతనం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, ఇప్పుడు దాన్ని తిరిగి తేలేను. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. మన గాలిలో ఉప్పు, చెమ్మ రెండూ ఎక్కువ. పాలిథీన్ సంచిలో కట్టిపెడితే లోపల చెమ్మ చేరుతుంది. ఉతికిన పాత పంచె ముక్కలో చుట్టి, మధ్యమధ్య నీడన గాలి తగలనివ్వండి. వేలితో రుద్దితే కర్పూరం వాసన వచ్చే పల్చని బొమ్మ సెల్యులాయిడ్‌ది. చిటుక్కున అంటుకుంటుంది, దీపానికి, హారతికి ఆమడ దూరంలో ఉంచండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, చంటిపిల్లల నోటికి అందనివ్వకండి.

ఢిల్లీలోని అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం 1965లో తెరిచారు. కార్టూనిస్టు శంకర్ గారికి హంగరీ రాయబారి ఇచ్చిన ఒక్క బొమ్మతో మొదలైన సేకరణ అది. మనం కూడా చిన్నగానే మొదలుపెడదాం. సంక్రాంతి సెలవులకు ముందు శుక్రవారం బడిలో పాత బొమ్మల కొలువు పెడుతున్నాం. ఇంటికి ఒక్క బొమ్మ చాలు. విరిగినా పరవాలేదు, తాటికాయల బండి చేసి తెచ్చినా సరే. బొమ్మతోపాటు ఒక చీటీ తప్పనిసరి: ఎవరిది, ఎవరు కొన్నారు, ఏ ఊళ్ళో, ఎన్నేళ్ళ క్రితం. అమ్మమ్మో మామ్మో తాతయ్యో చెబుతుంటే పిల్లలే సొంత దస్తూరీతో రాయాలి. చీటీలన్నీ ఒక పుస్తకంగా కుట్టి బడి లైబ్రరీలో ఉంచుతాం. బొమ్మలు ఆ సాయంత్రమే మీ చేతికి ఇచ్చేస్తాం. చెప్పిన పెద్దవాళ్ళు కూడా వస్తే కుర్చీలు వేస్తాం, పిల్లలు వాళ్ళ నోటే వింటారు.

బొమ్మను, చీటీని ముందురోజు గురువారం సాయంత్రం లోపు క్లాసు టీచరుకు అందజేయండి. లక్కపిడతలు తెచ్చేవాళ్ళు మూతలు విడిగా గుడ్డలో చుట్టండి, దారిలో ముందు పోయేవి అవే.

నమస్కారాలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు