టలూలా గోర్జ్‌లో మా నాన్నను పైకి చేర్చిన వాళ్ళందరికీ

జార్జియాలోని టలూలా గోర్జ్ స్టేట్ పార్కులో మొన్న శనివారం మా నాన్నకు సాయం చేసిన వాళ్ళందరికీ మా కుటుంబం తరఫున చేతులెత్తి దండం పెడుతూ ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ మాకు తెలియవు. వాళ్ళలో నలుగురు తెలుగు పిల్లలే. ఇక్కడ రాస్తే ఎవరో ఒకరి ద్వారా వాళ్ళకు చేరుతుందని ఆశ.

నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. వయసు 65. మోకాళ్ళు అప్పుడప్పుడూ సతాయిస్తాయి గానీ రోజూ పొద్దున్నే వాకింగ్ మానరు. అమ్మా ఆయనా అమెరికా వచ్చినప్పటి నుంచీ ఒకటే మాట, "షాపింగులు వద్దమ్మా, ఏదైనా మంచి నదిని చూపించు" అని. టలూలా నది గురించి చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఎందుకంటే అక్కడ లోయతో పాటు ఆనకట్ట కూడా ఉంది.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈశాన్య జార్జియాలో, అట్లాంటా నుంచి కారులో సుమారు రెండు గంటలు. నది గట్టి క్వార్ట్జైట్ రాతిని కోసుకుంటూ పోయి రెండు మైళ్ళ పొడవున లోయ చేసింది. లోతు దాదాపు వెయ్యి అడుగులు. వరసగా జలపాతాలు. లోయ దాటాక ఈ నది చట్టూగా నదితో కలిసి టుగలూ నది అవుతుంది, ఆ నీళ్ళే చివరికి సవానా నదిలోకి పోతాయి. అక్టోబరు చివర కావడంతో చెట్లన్నీ రంగు మారి ఉన్నాయి, జనం కూడా బాగానే ఉన్నారు.

లోయ అంచుకు వెళ్ళేముందు నాన్న పార్కు ఇంటర్‌ప్రెటివ్ సెంటర్‌లో చాలాసేపు ఉండిపోయారు. అక్కడి బోర్డులు ఒక్కటీ వదల్లేదు. ఒకప్పుడు ఈ జలపాతాల హోరు మైళ్ళ దూరం వినిపించేదట. 1910ల మొదట్లో జార్జియా పవర్ కంపెనీ (అప్పటి పేరు జార్జియా రైల్వే అండ్ పవర్) కరెంటు కోసం ఆనకట్ట కట్టి నీటిని సొరంగంలోకి మళ్ళించడంతో లోయలో నది సన్నబడింది. ఆ ఆనకట్ట వద్దని హెలెన్ డార్ట్చ్ లాంగ్‌స్ట్రీట్ అనే ఆవిడ గట్టిగా పోరాడింది. ఓడిపోయింది. ఉద్యోగమంతా ఆనకట్టల మీద, కాలవల మీద గడిపిన మా నాన్న ఆవిడ గురించి నిలబడి మొత్తం చదివి, "ఈమె అడిగిందీ న్యాయమేనమ్మా" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. మామూలు రోజుల్లో లోయలోకి వదిలేది 35, 40 క్యూసెక్కులే. ఏప్రిల్, నవంబరు నెలల్లో కొన్ని వారాంతాల్లో కయాకింగ్ వాళ్ళ కోసం 500 నుంచి 700 క్యూసెక్కుల దాకా వదులుతారు. ఈ లెక్కలు నాన్న తన చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

తర్వాత మెట్లు. ఉత్తరం అంచు నుంచి 310 మెట్లు దిగితే సస్పెన్షన్ బ్రిడ్జి వస్తుంది. నది మీద 80 అడుగుల ఎత్తులో ఉంటుంది, నడుస్తుంటే కొంచెం ఊగుతుంది. బ్రిడ్జి దాటి ఇంకో 221 మెట్లు దిగితే హరికేన్ జలపాతం కింద ప్లాట్‌ఫాం. అమ్మ, మా ఆయన, పాప పైనే ఉండిపోయారు. నాన్నా నేనూ దిగాం. మధ్యమధ్యలో ఆగుతూ, ఏ ఇబ్బందీ లేకుండా కిందిదాకా వచ్చాం. జలపాతం ముందు అరగంట కూర్చున్నారు, చాలా సంతోషంగా. లేవబోయేసరికి కుడి మోకాలు పట్టేసింది. కాలు చాపలేరు, మడవలేరు. ముఖమంతా చెమట. అంత చల్లటి గాలిలో ఆ చెమట చూసి నాకు గుండె గుభేల్మంది. నా ఫోన్‌లో సిగ్నల్ లేదు. పైన 531 మెట్లు.

మొదట వచ్చింది ఆ నలుగురు పిల్లలు. ఎమ్మెస్ చదువుతున్నామన్నారు. "నాన్నా, కదలొద్దు" అని నేను అనడం విని తెలుగువాళ్ళమని తెలిసి, "అక్కా, ఏమైంది? బాబాయ్ గారూ, కాస్త ఆనుకుని కూర్చోండి" అంటూ చుట్టూ చేరారు. ఒకబ్బాయి బ్యాగు తీసి నాన్న వీపు వెనక పెట్టాడు. ఒకమ్మాయి నీళ్ళు తాగించింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, అది తెలిస్తేనే వాళ్ళు చేసింది ఎంత పెద్ద సాయమో అర్థమవుతుంది. లోయ అడుగున బండల మీద నడవాలంటే పర్మిట్ ఉండాలి. రోజుకు వంద మందికే ఇస్తారు, పొద్దున ముందొచ్చిన వాళ్ళకే. వానపడి రాళ్ళు తడిగా ఉన్నా, నీళ్ళు వదిలే రోజైనా అసలివ్వరు. ఆ పిల్లలు తెల్లవారకముందే బయల్దేరి వచ్చి, లైన్లో నిలబడి పర్మిట్లు తీసుకున్నారు. హరికేన్ జలపాతం దగ్గర నది దాటి, బండల మీదుగా బ్రైడల్ వీల్ జలపాతం దాకా వెళ్ళాలన్నది వాళ్ళ ప్లాన్. సరిగ్గా ఆ నది దాటే చోట మేము కనబడ్డాం. "మీరు వెళ్ళండమ్మా, మేం చూసుకుంటాం" అని నాన్న ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "గోర్జ్ ఎక్కడికీ పోదు బాబాయ్ గారూ, మేం మళ్ళీ వస్తాం" అన్నాడు ఒకబ్బాయి. ఒక్కళ్ళు కూడా వాచీ చూసుకోలేదు.

వాళ్ళలో ఇద్దరు పరుగున పైకి వెళ్ళి రేంజర్‌కు చెప్పారు, అమ్మావాళ్ళను వెతికి ధైర్యం చెప్పి వచ్చారు. ఈలోపు పక్కనే ఉన్న ఒక అమెరికన్ పెద్దావిడ, ఫిజియోథెరపిస్టునని చెప్పి, చూడొచ్చా అని నాన్నను అడిగి మరీ మోకాలు చూసింది. వాపుందా, పిక్క ఎర్రగా ఉందా, వేళ్ళు కదులుతున్నాయా అన్నీ చూసి, కాలు కొంచెం ఎత్తులో పెట్టించి, తన బ్యాగులోంచి క్రేప్ బ్యాండేజ్ తీసి చుట్టింది. కాసేపటికి మెల్లగా కాలు కదిలింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ నేర్పిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వెయ్యాలి, దాని బలం మీద లేచి నొప్పి కాలిని అదే మెట్టు మీదకు తెచ్చుకోవాలి. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ కలవాలి. ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగ్ మీద ఉండాలి, రెండో చేతిలో కర్ర. ఆ కర్ర కూడా ఎవరో దారినపోయే పెద్దాయన ఇచ్చిందే. "పని అయ్యాక పైన సెంటర్‌లో ఇచ్చెయ్యండి, నేను తీసుకుంటాను" అని తన ట్రెక్కింగ్ పోల్ మా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

రేంజర్ దిగి వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడిలా ఉన్నాడు గానీ ఎంత నిదానమో! ముందు మోకాలి సంగతి అడగలేదు. ఛాతీలో నొప్పి ఉందా, ఊపిరి ఆడుతోందా, బీపీకి ఏం మందులు వాడుతున్నారు అని అడిగాడు. అతని ప్రశ్నలు నేను తెలుగులో చెప్తుంటే ఆగి, జవాబు నాన్న నోటి నుంచే విన్నాడు. తర్వాత రెండు దారులు చెప్పాడు. రెస్క్యూ టీమును పిలిస్తే స్ట్రెచర్ మీద మోసుకెళ్తారు, అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు, అది వాళ్ళ పనే. లేదా నాన్న నడవగలనంటే, తాను పక్కనే ఉంటాడు, ఏ మెట్టు దగ్గర ఆపెయ్యాలనిపించినా అక్కడే ఆపి టీమును పిలుస్తాడు. నిర్ణయం నాన్నదే. నాన్న ఒక నిమిషం ఆలోచించి నడుస్తానన్నారు. ఆయన్ను బరువులా చూడకుండా, తన కాలి గురించి తనే తేల్చుకోగల మనిషిలా చూసిన తీరుకు నేను ఆ అబ్బాయికి జీవితాంతం రుణపడి ఉంటాను. నేనైతే టెన్షన్‌లో నాన్నను అడక్కుండానే స్ట్రెచర్ అనేసేదాన్ని.

ఇరవై మెట్లు ఎక్కడం, ఆగడం. మళ్ళీ ఇరవై. రేంజర్ లెక్కపెడుతున్నాడు, ఒకబ్బాయి ముందు నడుస్తూ ఎదురొచ్చేవాళ్ళను పక్కకు తప్పిస్తున్నాడు, ఇంకొకడు నాన్న వెనక ఒక మెట్టు కింద, రెండు చేతులూ చాపి. ముట్టుకోలేదు. పడితే పట్టుకునేంత దగ్గరగా మాత్రం ఉన్నాడు, చివరి మెట్టు దాకా. మధ్యలో ఒకచోట నాన్న కాలు కొద్దిగా జారింది. ఆ అబ్బాయి చేతులు అప్పటికే నాన్న నడుము దగ్గరున్నాయి. ఏమీ అనలేదు, నాన్న నిలదొక్కుకున్నాక మళ్ళీ చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఎదురుగా దిగివస్తున్న వాళ్ళు కూడా గోడవారకు ఒత్తిగిలి నిలబడి, "టేక్ యువర్ టైమ్ సర్" అంటూ దారిచ్చారు. వాళ్ళందరికీ కూడా థాంక్స్.

బ్రిడ్జి దగ్గరికొచ్చాక పెద్ద బ్రేక్ ఇచ్చారు. అక్కడ ఉత్సాహపరచడానికి రేంజర్ ఒక కథ చెప్పాడు. 1970 జులై 18న కార్ల్ వలెండా అనే ఆయన ఈ లోయ మీద కట్టిన తీగ మీద నడిచి అవతలి అంచుకు చేరాడు. వేలాది మంది చూస్తుండగా, మధ్యలో రెండుసార్లు తలకిందులుగా నిలబడ్డాడు కూడా. అప్పుడు ఆయన వయసెంతో తెలుసా అని నాన్నను అడిగాడు. 65. నాన్న తలెత్తి లోయ పైఅంచు వైపు చూసి, "నా ఈడు వాడే" అన్నారు. అప్పటిదాకా పెదవి బిగబట్టి ఉన్న మనిషి మొదటిసారి నవ్వారు. తర్వాతి 310 మెట్లూ మునుపటికంటే తేలిగ్గా ఎక్కారంటే నమ్మండి.

పైకి చేరేసరికి అమ్మ ఆ పిల్లల చేతులు పట్టుకుని ఏడ్చేసింది. "ఏ తల్లి కన్న బిడ్డలో" అని ఒక్కొక్కరి తల నిమిరింది. వాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. అందరికీ ఇళ్ళు గుర్తొచ్చినట్టున్నాయి. రేంజర్ ఒక ఫారం నింపుకుని, నాన్నతో చెయ్యి కలిపి, ఇంటికెళ్ళాక డాక్టర్‌కు తప్పకుండా చూపించమని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. మేం కారు తెచ్చేసరికి పిల్లలు లేరు. కర్రను సెంటర్‌లో ఇచ్చేశాం.

నాన్న ఇప్పుడు బాగున్నారు. మర్నాడే డాక్టర్‌కు చూపించాం. లోపల ఏదీ చిరగలేదు, కీళ్ళ అరుగుదల ఉండటం వల్ల అలా పట్టేసిందన్నారు. వ్యాయామాలు చేస్తున్నారు, ఇంట్లో మెట్లు ఆ పెద్దావిడ చెప్పినట్టే ఎక్కుతున్నారు.

అమ్మానాన్నలను టలూలా తీసుకెళ్దామనుకునేవాళ్ళు దయచేసి భయపడి మానుకోవద్దు. అంచు వెంట ఉన్న వ్యూ పాయింట్ల నుంచే జలపాతాలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, అమ్మ అక్కడి నుంచే అంతా చూసి మురిసిపోయింది. మోకాళ్ళ సమస్య ఉన్నవాళ్ళు దిగాలనుకుంటే ముందే రేంజర్‌ను అడగండి, ఏ చోటు నుంచి తిరిగి రావడం సులువో వాళ్ళు ఓపిగ్గా చెప్తారు. నా సలహా మాత్రం బ్రిడ్జి దాకా వెళ్ళి వెనక్కి రావడమే. కర్ర, క్రేప్ బ్యాండేజ్, నీళ్ళు, వాడే మందుల పేర్లు రాసిన కాగితం వెంట ఉంచుకోండి. కిందికి దిగాక సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

పార్కు ఆఫీసుకు విడిగా ఉత్తరం రాశాం, ఆ రేంజర్ పై అధికారులకు చేరేలా. నాన్న తన చేత్తో తెలుగులో రాశారు, కింద నేను ఇంగ్లీషులో అర్థం రాశాను. ఫిజియోథెరపిస్టు గారికీ, కర్ర ఇచ్చిన పెద్దాయనకూ సెంటర్‌లో థాంక్యూ కార్డులు ఇచ్చి వచ్చాం, వాళ్ళు మళ్ళీ వస్తే అందజేస్తామన్నారు.

ఇక ఆ నలుగురు పిల్లలు. మీలో ఎవరైనా ఇది చదివినా, మీ ఫ్రెండ్స్ ఎవరైనా చదివినా, ఒక్క మెసేజ్ పెట్టండి. నాన్నావాళ్ళు డిసెంబరు దాకా ఇక్కడే ఉంటారు. మీ పర్మిట్లు మావల్ల పోయాయి. ఈసారి మీరు వెళ్ళే రోజు చెప్తే మా ఆయన తెల్లవారకముందే మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్తారు. మీరు బ్రైడల్ వీల్ దాకా వెళ్ళి వచ్చేదాకా నాన్న పైనే, వ్యూ పాయింట్ దగ్గర కూర్చుని చూస్తానంటున్నారు. సాయంత్రం భోజనం మా ఇంట్లోనే, అమ్మ వంట.