ఒంట్లో చేరిన నీటిని కండగా లెక్క చూపించారు: మీ బల్కింగ్ (ఒళ్లు, కండ పెంచే) ఛాలెంజ్‌పై ఫిర్యాదు

మారతహళ్లి,
బెంగళూరు.

కస్టమర్ కేర్ అధికారి గారికి,

విషయం: స్కాన్ రిపోర్టులో తప్పుదోవ పట్టించే లెక్క, యాప్‌లో భయపెట్టే మెసేజీలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మారతహళ్లిలోని మీ షాపులో మా తమ్ముడి కోసం మాస్ గెయినర్ (బరువు పెంచే పొడి), దాంతో పాటు 'ఛాలెంజ్' ప్యాక్ కొన్నది నేను. బిల్లు నా పేరు మీదే ఉంది. నేను ఇదే ఏరియాలో జిమ్ ట్రైనర్‌ని. మీ పోస్టరు తెలుగులో ఉంది, మీ కౌన్సెలర్ కూడా మాతో తెలుగులోనే మాట్లాడి ప్యాక్ అమ్మాడు. అందుకే ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను.

గెయినర్ పొడి మీద నాకు ఫిర్యాదు లేదు. పీజీ హాస్టల్లో ఉంటూ, షిఫ్టుల మధ్య వేళకి తినలేక బక్కచిక్కిపోయే కుర్రాళ్లకు అది పనికొస్తుంది. నా ఫిర్యాదల్లా ఆ డబ్బా చుట్టూ మీరు అల్లిన లెక్క మీదే. 30 రోజుల్లో 4 కిలోల కండ అని పోస్టరులో రాశారు. నెల తిరగ్గానే ఒంట్లో కండ, కొవ్వు లెక్క చెప్పే స్కాన్ తీసి, మావాడికి 4 కిలోల పైనే కండ పెరిగిందని ప్రింటవుట్ చేతికిచ్చారు. వాడు ఆ కాగితాన్ని ఫోటో తీసి ఊళ్లో అమ్మానాన్నలకి కూడా పంపాడు.

అందులో చాలా భాగం నీళ్లు. అది మీకు తెలియని సంగతి కాదు.

మీ డబ్బా వెనక పదార్థాల వరసలో మొదట ఉన్నది మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండి పదార్థం. అప్పటిదాకా పొద్దున టిఫిన్ మానేసి ఆఫీసుకు పరిగెత్తే కుర్రాడు ఒక్కసారిగా పిండి పదార్థం బాగా తింటే, కండల్లో గ్లైకోజెన్, అంటే ఒళ్లు దాచుకునే చక్కెర, నిల్వ పెరుగుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. 300 గ్రాముల గ్లైకోజెన్ చేరిందంటే దాని నీళ్లతో కలిపి కిలో పైన బరువు వచ్చినట్టే. అదే వరసలో కింద, భూతద్దం పెట్టి చూడాల్సినంత చిన్న అక్షరాల్లో క్రియాటిన్ మోనోహైడ్రేట్, అంటే బరువులెత్తేవాళ్లు బలం కోసం వాడే పదార్థం, ఉంది. క్రియాటిన్ వాడిన మొదటి వారాల్లో కండ కణాల్లోకి నీరు చేరి ఒకటి నుంచి రెండు కిలోల దాకా బరువు పెరగడం మామూలే. ఈ రెండూ పోగా మీ 4 కిలోల్లో ఎంత మిగిలింది? ఆ మిగిలిన దాంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత? మీ కాగితం చెప్పదు.

జిమ్‌కి కొత్తగా వచ్చి, శ్రద్ధగా బరువులెత్తి, ప్రొటీన్ సరిపడా తిని, నిద్ర పోయే మగపిల్లాడికి కూడా నెలకి అర కిలో నుంచి కిలో దాకా కండ పడితే గొప్ప. నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ మొదటి రోజే ఈ మాట చెప్తాను. నిరాశపడేవాళ్లు ఉంటారు. ఆర్నెల్లు ఓపిక పట్టినవాళ్లు మాత్రం అద్దం ముందు నిలబడి చొక్కా భుజాల దగ్గర బిగుసుకోవడం చూసుకుని నవ్వుకుంటారు.

బల్కింగ్‌లో నీరు చేరడం చెడ్డదని నేను అనడం లేదు. కండలోనే ముప్పాతిక వంతు నీరు. గ్లైకోజెన్ నిండిన కండ ఇంకో రెండు రెప్స్ (బరువు ఎత్తి దించడం) లాగుతుంది, ఆ రెండు రెప్సే మెల్లగా అసలు కండ పడేలా చేస్తాయి. ఆ నీటికి కండ అని పేరు పెట్టి, దాని మీద ఛాలెంజ్ నెగ్గినట్టు సర్టిఫికెట్ ఇచ్చి, తర్వాతి ప్యాక్ అమ్మడమే అన్యాయం. మా అనంతపురం వైపు మార్కెట్ యార్డులో వేరుశనగకి తేమ ఎంతుందో చూశాకే ధర కడతారు. మీరు తేమనే సరుకుగా తూచారు.

స్కాన్ తీసిన తీరు గురించీ చెప్పాలి. మీ యంత్రం ఒంట్లోకి సన్నని కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పారుతుందో చూసి లెక్క కడుతుంది. నీరున్న చోట కరెంటు తేలిగ్గా పారుతుంది, కొవ్వులో పారదు. కాబట్టి ఒంట్లో నీరు పెరిగితే యంత్రం దాన్ని కొవ్వు కాని బరువులో వేసేస్తుంది. అందుకే మీ షాపు గోడ మీదే, యంత్రానికి కుడి పక్కన, 'ఖాళీ కడుపుతో, వ్యాయామానికి ముందు స్కాన్ చేయించుకోండి' అని బోర్డు ఉంది. మొదటి స్కాన్ అలాగే పొద్దున్నే తీశారు. రెండోది మాత్రం సాయంత్రం, మావాడు జిమ్ నుంచి చెమటతో నేరుగా వచ్చినప్పుడు తీశారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. రేపు పొద్దున తీయండి అని అడిగితే, 'ఏం తేడా రాదు అన్నా, టార్గెట్ క్లోజింగ్ ఈరోజే' అన్నాడు మీ కుర్రాడు. రెండు రిపోర్టుల మీదా టైము ఉంది, చూసుకోండి. వాటి కింది వరసలో ఒంట్లోని మొత్తం నీరు ఎంతో కూడా మీ యంత్రమే ప్రింట్ చేసింది. ఆ అంకె పెరిగింది. దాని గురించి మీవాళ్లు ఒక్క మాట ఎత్తలేదు.

ఇక నన్ను ఈ లేఖ రాయించిన సంగతి. మావాడు అక్క పెళ్లికి కదిరి వెళ్లాడు. పెళ్లి పనుల్లో గెయినర్ తాగలేదు, వేళకి తినలేదు. తిరిగొచ్చి తూకం చూసుకుంటే రెండు కిలోలు తగ్గాడు. యాప్‌లో బరువు ఎంటర్ చేయగానే ఎర్ర అక్షరాల్లో మెసేజ్ వచ్చింది: 'మీ కండ కరిగిపోతోంది! వెంటనే మజిల్ సేవర్ ప్యాక్ ఆర్డర్ చేయండి.' ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. అద్దం ముందుకెళ్లి చెయ్యి మడిచి చూసుకోవడం, మళ్లీ తూకం ఎక్కడం. నాలుగైదు రోజులు తిండి తగ్గితే కండ రెండు కిలోలు కరగదు. పోయింది గ్లైకోజెన్, దాని వెంట ఉన్న నీళ్లు, పేగుల్లో తిండి బరువు. మామూలుగా తినడం మొదలుపెడితే వారంలో వెనక్కి వస్తుంది. మీ యాప్ చెప్పాల్సింది ఈ మాట. వచ్చిన నీటికి 'కండ పడింది' అని డబ్బు తీసుకున్నారు, పోయిన నీటికి 'కండ పోయింది' అని మళ్లీ డబ్బు అడిగారు. ఇరవై రెండేళ్ల కుర్రాడిని భయపెట్టి అమ్ముకోవడం ఏం వ్యాపారం?

దీనికన్నా ప్రమాదకరమైంది ఇంకోటి ఉంది. పొద్దున లేవగానే ముఖం ఉబ్బుతోందని, కాళ్లకు సాక్సు గుర్తులు పడుతున్నాయని మావాడు చాట్‌లో అడిగితే, మీ కౌన్సెలర్ 'నీళ్లు తాగడం తగ్గించు బ్రో' అని రాశాడు. ముఖం ఉబ్బు, కాళ్ల వాపు అని ఎవరైనా అడిగితే ముందు డాక్టర్‌ని కలవమని చెప్పాలి. కిడ్నీ, గుండె జబ్బుల్లోనూ ఒంటికి నీరు పడుతుంది. నేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి చూసే అంకె) కొంచెం ఎక్కువ చూపించింది. క్రియాటిన్ వాడుతున్నావా అని డాక్టర్ అడిగితే మావాడు లేదన్నాడు, ఎందుకంటే అది గెయినర్‌లో ఉందని అమ్మేటప్పుడు వాడికి ఎవరూ చెప్పలేదు. డబ్బా తీసుకెళ్లి చూపించాక, క్రియాటిన్ వాడేవాళ్లలో ఆ అంకె కొద్దిగా పెరగడం ఉంటుందని చెప్పి, మరో పరీక్ష చేయించారు. కిడ్నీలు బాగున్నాయి, బయటి తిండిలో ఉప్పు తగ్గించమన్నారు. ఆ రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

కాబట్టి నేను అడుగుతున్నది ఇదీ. ఛాలెంజ్ ప్యాక్ డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి. నెలకి 4 కిలోల కండ అన్న మాట పోస్టర్ల మీద నుంచి తీసేయండి. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు నీటి అంకె కూడా చూపించి, దాని అర్థం చెప్పండి. రెండు స్కాన్లూ ఒకే వేళకి, ఒకే పద్ధతిలో తీయండి. క్రియాటిన్ ఉందని డబ్బా ముందు వైపు కనబడేలా రాయండి. బరువు తగ్గగానే వచ్చే ఆ ఎర్ర మెసేజ్ ఆపేయండి. నీళ్లు తగ్గించమన్న కౌన్సెలర్‌ని శిక్షించమని నేను అడగను, చిన్నవాడు. వాపు అని విన్నప్పుడు ఏం చెప్పాలో అతనికి మీరు నేర్పించండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి కూడా వెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
మారతహళ్లి.

జతపరిచినవి: బిల్లు కాపీ, రెండు స్కాన్ రిపోర్టులు, యాప్ మెసేజ్, చాట్ స్క్రీన్‌షాట్లు, గోడ మీది బోర్డు ఫోటో.