అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి నివేదిక: 2020 ఏప్రిల్ 1 నుంచి 2021 మార్చి 31 వరకు

గౌరవ సభ్యులకు నమస్కారం.

సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కాజమా చెప్పుకోవాలి. కిందటేడు సమావేశం లాక్‌డౌన్‌లో కొట్టుకుపోయింది. ఈసారి మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ కాబట్టి జూమ్‌లో పెడుతున్నాం. మాట్లాడేటప్పుడు మ్యూట్ తీయండి, మాట్లాడాక మళ్లీ పెట్టండి. కుక్కర్ విజిల్స్ వింటూ తీర్మానాలు రాయడం కష్టం.

మామూలు పనులు మామూలుగానే జరిగాయి. ట్యాంకు రెండుసార్లు కడిగించాం, లిఫ్టుకి కొత్త రోప్ వేయించాం. వినాయక చవితికి పందిరి వెయ్యలేదు, సంక్రాంతి ముగ్గుల పోటీ పెట్టలేదు. ఏడాదంతా నిజంగా చేసిన పని ఒక్కటే, సరుకులు తేవడం.

మన విశాఖ ఎంవీపీ కాలనీలో పిల్లలు విదేశాల్లో ఉండి, పెద్దవాళ్లిద్దరే ఇంట్లో ఉండే కుటుంబాలు ఎక్కువ. ఏప్రిల్‌లో కొట్లు పొద్దున్న 6 నుంచి 11 వరకే. రైతుబజార్లను మైదానాల్లోకి మార్చి సున్నంతో గీతలు గీసినా, డెబ్భై ఏళ్లవారు ఆ వరసలో ఎంతసేపు నిలబడతారు? ఫోన్ యాప్‌లో అర్ధరాత్రి దాకా కూర్చున్నా స్లాటు దొరికేది కాదు. అందుకని దగ్గర్లోని కిరాణా కొట్టాయనతో మాట్లాడి ఏర్పాటు చేసుకున్నాం. సాయంత్రం 7 లోపు చీటీ ఫొటో వాట్సాప్‌లో పంపాలి, ఆయన రాత్రికి కట్టి సంచి మీద ఫ్లాటు నంబరు రాసి ఉంచుతాడు, పొద్దున్న ఇద్దరు వెళ్లి ట్రాలీ ఆటోలో తెచ్చి గేటు దగ్గర బల్ల మీద పెడతారు. వంతుల వారీగా దిగి తీసుకెళ్లాలి.

మొదటి వారం అన్నీ గొడవలే. ఒకరు “పప్పు కేజీ” అని రాశారు. ఏ పప్పు? శనగపప్పు వచ్చింది. ధనియాలు అడిగితే ధనియాల పొడి. మూడో అంతస్తు మామ్మగారి చీటీలో మాత్రం “చింతపండు అరకేజీ, కొత్తది, నల్లది ఇస్తే వెనక్కి పంపుతాను” అని స్పష్టంగా ఉండేది. ఆవిడ చీటీనే నమూనాగా గ్రూపులో పెట్టాం. ప్రతి సరుకు పక్కన “లేకపోతే వద్దు” అనో, “లేకపోతే ఏదైనా సరే” అనో రాయమన్నాక సగం ఫోన్లు ఆగాయి. ఫోన్‌పే లేనివాళ్ల నోట్లు కవర్లో తీసుకున్నాం. వాటికి ఇస్త్రీ పెట్టి ఒక ఐదువందల నోటు మాడ్చింది నేనే, ఆ నష్టం నాదే. ఉప్పు ప్యాకెట్లు కూడా సబ్బునీళ్లతో కడిగాం. వస్తువుల మీద నుంచి కరోనా అంటుకోవడం చాలా తక్కువని ఇప్పుడంటున్నారు. అప్పుడు ఎవరికి తెలుసు?

మే 7 సంగతి ప్రత్యేకంగా రాయాలి. ఆ తెల్లవారుజామున మన విశాఖలోనే ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయారు. ఆ రోజు మన ట్రాలీ రాలేదు. ఫోన్ ఎత్తకపోతే విసుక్కున్నాం కూడా. సాయంత్రానికి తెలిసింది, డ్రైవరు అత్తగారిది ఆ ఊరే. రాత్రికి రాత్రి పరిగెత్తి వచ్చినవాళ్లతో కలిపి రెండు గదుల ఇంట్లో పదకొండు మంది. గ్రూపులో ఒక్క మాట పెట్టాను, అంతే. మర్నాడు 8 గంటలకల్లా బల్ల మీద బియ్యం, నూనె, పాలపొడి, చీరలు, పసిపిల్లకి గౌన్లు. మామ్మగారు కొత్త చింతపండే పంపారు. అతను వచ్చి చూసి, “ఇంత ఎక్కడ పెట్టనండీ?” అన్నాడు. ఈ సంఘంలో ఇన్నేళ్లుగా ఉన్నాను, అలాంటి పొద్దు ఇంకోటి చూడలేదు.

ఇక చెప్పక తప్పనివి. వాలంటీర్లుగా 14 మంది పేర్లిచ్చారు. ఏప్రిల్‌లో ఐదుగురు వచ్చారు, జూన్‌కి ఇద్దరం మిగిలాం, వాచ్‌మన్‌తో కలిపి ముగ్గురం. రానివాళ్లే కొత్తిమీర వాడిందని మెసేజ్‌లు పెట్టారు. మన వీధిని కంటైన్‌మెంట్ చేసి కర్రలు కట్టినప్పుడు ట్రాలీకి దారి అడిగితే, ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి వెళ్లమంది, ఆ ఆఫీసు మళ్లీ మొదటిదానికే పంపింది. చివరికి కర్రల మీదుగానే సంచులు అందుకున్నాం. అదే వీధికి ఈ మార్చి 10 జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికలప్పుడు మాత్రం అందరికీ దారి దొరికింది.

లెక్కలు ఆఖరి పేజీలో ఉన్నాయి, ఆడిటరు చూశారు. ట్రాలీ అద్దె మెయింటెనెన్స్ నుంచే ఇచ్చాం. మూడు ఫ్లాట్ల బకాయి ఉంది, ఏవో వారికి తెలుసు.

కృతజ్ఞతలు: చీటీలు చదివి చదివి కళ్లజోడు మార్చుకున్న కొట్టాయనకి, ట్రాలీ డ్రైవరుకి, వాచ్‌మన్ దంపతులకి, రోజూ టీ ఇచ్చిన గ్రౌండ్ ఫ్లోరు వదినగారికి, మాస్కులు కుట్టిన అక్కలకి, లెక్కలు రాసిన కోశాధికారికి, నన్ను పొద్దున్న ఐదింటికి లేపిన మా ఆవిడకి.

సెకండ్ వేవ్ వల్ల సోమవారం నుంచి సరుకుల ఏర్పాటు మళ్లీ మొదలు. చీటీలు ఎప్పటిలాగే సాయంత్రం 7 లోపు పంపండి. వాలంటీర్లు కనీసం ఆరుగురు కావాలి. ఈసారి పేరుతో పాటు ఏ రోజు వస్తారో కూడా రాయండి.

కార్యదర్శి