పాత రైఫిల్‌ మ్యాగజైన్‌కి కమ్మరి కొలిమే గతా?

సంపాదకులు గారికి,

నమస్కారం. అడవిపందులు మొక్కజొన్న, వేరుశనగ చేలను దున్నిపోస్తున్నాయని మీ పత్రిక తరచూ రాస్తోంది. వాటిని కాల్చడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అనే చర్చ ఏటా నడుస్తూనే ఉంది. కాల్చే తుపాకి ఏ స్థితిలో ఉందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. మా తాతగారి పేరున తీసుకున్న .315 బోర్‌ (గొట్టం లోపలి వెడల్పు కొలత) రైఫిల్‌కి నేను వారసత్వపు లైసెన్సుదారుణ్ణి కాబట్టి ఆ మాట నేనే ఎత్తుతున్నాను.

మన పల్లెల్లో మిగిలిన వేట రైఫిళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ .315. సైన్యం, పోలీసులు వాడిన .303 బోర్‌ పౌరుల చేతికి రాకూడదన్నది బ్రిటిష్‌ కాలం నుంచీ ఉన్న నియమం. అందుకే పౌరులకు ఈ బోర్‌ వేరుగా వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్‌ కర్మాగారంలో తయారైంది. ఒక్కో తూటాకి బోల్ట్‌ని, అంటే తూటాను గొట్టంలోకి నెట్టి మూసే కడ్డీని, వెనక్కి లాగి ముందుకు తోయాలి. తూటాలు నింపే పెట్టె అయిన మ్యాగజైన్‌లో పట్టేవి ఐదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ఆగింది, రైఫిళ్లు మాత్రం ఇళ్లలో ఉండిపోయాయి. ఇప్పుడు పంట నష్టం పేరుతో వాటిలో కొన్ని మళ్లీ చేల గట్ల మీదికి వస్తున్నాయి.

ఇన్నేళ్ల పాత తుపాకిలో మొదట మొరాయించేవాటిలో మ్యాగజైన్‌ ఒకటి. చూడటానికి చిన్న రేకు పెట్టె. అడుగున స్ప్రింగు, దాని మీద తూటాలను పైకి నెట్టే పలక, పైన తూటా ఎగిరిపోకుండా రెండు పక్కలా లోపలికి వంగిన రేకు అంచులు. ఈ తూటాకి మడమ దగ్గర ఒక గట్టు ఉంటుంది. నింపేటప్పుడు పై తూటా గట్టు కింది తూటా గట్టుకి ముందు ఉండాలి. వెనక పడిందా, రెండూ ఒకదానికొకటి తగులుకుని బోల్ట్‌ ముందుకు పోదు. రేకు అంచులు కాస్త తెరుచుకున్నా, స్ప్రింగు చచ్చుబడినా ఇదే తంతు. తూటా ముక్కు పైకి లేచి గొట్టం నోటి దగ్గర ఇరుక్కుంటుంది. రాత్రిపూట మంచె మీద, తలకి కట్టుకున్న లైటు వెలుగులో దాన్ని వేలితో పీకే మనిషికి గొట్టం ఎవరి వైపు తిరిగిందో పట్టదు. మ్యాగజైన్‌ ఊడదీస్తే తుపాకి ఖాళీ అయిందనుకునేవాళ్లూ ఉన్నారు. చాంబర్‌లోకి, అంటే పేలడానికి సిద్ధంగా గొట్టం వెనక భాగంలోకి ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది. ప్రాణాలు పోయేది అక్కడే.

ఇలా మొరాయించిన రైఫిల్‌ ఎక్కడికి పోతోంది? కమ్మరి దగ్గరికో, వెల్డింగ్‌ షాపుకో. మా మండలంలో నేను చూసిన ఒక మ్యాగజైన్‌కి అంచుల మీద పట్టుకారు పళ్ల గుర్తులు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఒక అంచు రెండోదానికంటే కిందికి దిగి ఉంది. స్ప్రింగు స్థానంలో వేరేదాని స్ప్రింగు కోసి పెట్టారు. అంతకంటే ప్రమాదకరమైన మోజు ఇంకొకటి ఉంది. పందుల గుంపు వస్తే ఐదు చాలవంటూ వేరే రైఫిల్‌ పది తూటాల మ్యాగజైన్‌ తెచ్చి, రాపిడి పెట్టి ఇందులో ఇరికించడం. ఒక తూటా కొలతకి చేసిన పెట్టె ఇంకో తూటాకి ఒదగదు. పైగా బోల్ట్‌ రైఫిల్‌తో పంట కాపలాకి ఐదు తూటాలు చాలవన్న వాదన నాకు అర్థం కాదు. మొదటి తూటా పేలగానే గుంపు చెదిరిపోతుంది. చీకట్లో పరిగెత్తే నీడల మీదికి ఆరోదీ ఏడోదీ వదిలితే పక్క చేలో నీళ్లు పెట్టుకునే రైతుకి తగలదని ఎవరు హామీ ఇస్తారు?

చట్టం ఈ విషయంలో మెత్తగా లేదు. 1959 ఆయుధ చట్టం లెక్కలో ఆయుధం అంటే దాని విడిభాగాలు కూడా. 5వ సెక్షన్‌ ప్రకారం తుపాకి తయారీకే కాదు, మార్చడానికీ, బాగు చేయడానికీ లైసెన్సు ఉండాలి. ఒక వర్గం తుపాకిని మరో వర్గంలోకి మార్చడాన్ని 6వ సెక్షన్‌ ఆపుతుంది. ఈ రెంటిలో ఏది మీరినా 2019 సవరణ తరువాత కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. ఐదు వందల రూపాయలకి రేకు వంచి ఇచ్చిన కమ్మరికి ఈ సంగతి తెలుసా? తెలియదు. తెచ్చి ఇచ్చిన ఆసామికీ తెలియదు. లైసెన్సు పుస్తకం మీద ముద్ర వేసే చోట ఎవరూ చెప్పరు.

శిక్ష తగ్గించమని నేను అడగడం లేదు. నాటు తుపాకుల తయారీ ఆగాలంటే ఆ కఠినత్వం ఉండాల్సిందే. కానీ చట్టబద్ధంగా బాగు చేయించుకుందామంటే దారేది? హైదరాబాద్‌లో నేను అడిగిన ఒక దుకాణంలో అమ్మకం తప్ప రిపేరు చేయమన్నారు. మా జిల్లాలో రిపేరు లైసెన్సు ఉన్న మనిషి ఎవరో ఏ కార్యాలయంలోనూ చెప్పలేకపోయారు. రెన్యువల్‌కి తుపాకి పట్టుకెళితే నంబరు సరిచూస్తారు, నా మీద కేసులు ఉన్నాయేమో చూస్తారు. బోల్ట్‌ తెరిచి చూసిన వారు లేరు. 2019లోనే లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెరిగింది. అంటే ఆ నంబరు చూపు కూడా ఇప్పుడు ఐదేళ్లకోసారే.

కొత్త వ్యవస్థ ఏదీ కట్టక్కర్లేదు. ప్రతి జిల్లా సాయుధ రిజర్వులో పోలీసు ఆయుధాలను చూసే ఆర్మరర్లు ఉన్నారు. ఎన్నికల కోడ్‌ వచ్చిందంటే లైసెన్సు తుపాకులు చాలావరకు స్టేషన్లకి చేరుతాయి, వారాల తరబడి అక్కడే ఉంటాయి. ఆ రోజుల్లో ఆర్మరర్‌ చేత ఒక్కో తుపాకినీ చూపించి, పనికొస్తుందో లేదో లైసెన్సు మీదే రాయించవచ్చు. కొలిమిలో తాకించిన మ్యాగజైన్‌ ఆ చూపులోనే బయటపడుతుంది. అయితే అలా బయటపడిన మొదటిసారికి కేసు కట్టకుండా, ఆ భాగాన్ని తీసుకుని కొత్తది వేయించుకోమని గడువు ఇవ్వాలి. లేకపోతే ఎవరూ ముందుకు రారు, పాడైన రైఫిళ్లు అటక మీదే దాగుతాయి.

కొత్తది వేయించుకోమంటే దొరకాలి కదా. 2021 అక్టోబర్‌లో ఆయుధ కర్మాగారాలు ఏడు ప్రభుత్వ కంపెనీలుగా మారాయి. చిన్న ఆయుధాల పని కాన్పూర్‌ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్‌ వెపన్స్‌ అండ్‌ ఎక్విప్‌మెంట్‌ ఇండియాకి వచ్చింది. .315కి అసలు కొలతల మ్యాగజైన్లు, స్ప్రింగులు లైసెన్సు చూపిన వారికి ఆ కంపెనీ జిల్లా కేంద్రాల్లో అమ్మేలా రాష్ట్ర ప్రభుత్వాలు అడగాలి. రిపేరు లైసెన్సు ఉన్నవారి జాబితాను ప్రతి ఎస్పీ కార్యాలయంలో గోడకి అంటించాలి. తుపాకి ఇక వద్దనుకునే కుటుంబాలకి, ముఖ్యంగా కాల్చడం రాని మనవలకి, గౌరవంగా అప్పగించే ఏర్పాటు ఉండాలి.

అన్నిటికంటే తొందరగా కావాల్సింది ఒకటుంది. అడవిపందులను కాల్చడానికి అటవీశాఖ అనుమతి ఇచ్చేటప్పుడు మనిషి లైసెన్సుతో పాటు తుపాకికి ఆర్మరర్‌ ఇచ్చిన ధ్రువపత్రం కూడా అడగాలి. అది లేని రైఫిల్‌ని చేలోకి రానివ్వకూడదు. పందుల కోసం కరెంటు తీగలు కట్టి మనుషులే చచ్చిపోతున్న పల్లెలు మావి. దాని మీద తుపాకి ప్రమాదాలు కూడా తోడవ్వొద్దు. రెండు తెలుగు రాష్ట్రాల హోంశాఖలూ అటవీశాఖలూ కలిసి ఈ ఉత్తర్వును వానాకాలం మొక్కజొన్న కంకి పట్టేలోగా ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక లైసెన్సుదారు రైతు,
నాగర్‌కర్నూల్‌ జిల్లా